ఇద్దరికి

షుబ్రా, కైరో.

విదాద్ నాన్నగారికి జహియా సలాములు.

ఇక్కడ మీ అక్క ఇంట్లో మేమిద్దరం కులాసా. కులాసా అంటే వేళకు రొట్టె తింటున్నాం, వేళకు పడుకుంటున్నాం, ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్నాం. ఈ ఆఖరుది మొన్నటి దాకా లేదు. కువైట్ ఎండలో టైల్స్ పరుస్తూ మీరు కూడా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. గిర్గాలో విదాద్, అత్తయ్య బాగున్నారని పాలవాడి చేత కబురు వచ్చింది. వాడి మాట సగమే నమ్మాను, ఆ సగమైనా మంచిదే.

ఈ ఉత్తరాన్ని కువైట్ వస్తున్న మన జాబిర్ చేతికిచ్చి పంపుతున్నాను. జాబిర్ మీద నమ్మకం కొద్దీ కాదు, తపాలా మీద నమ్మకం లేక. కవరు అంటించిన చోట అడ్డంగా నా సంతకం పెట్టాను. గీత తెగి ఉంటే నాకు తెలియజేయండి.

ముందుగా ఒక్క మాట. మీ పోయిన ఉత్తరంలో, 'నీ జవాబు రాగానే ఆ సంబంధం వద్దని అన్నయ్యకు రాసేస్తాను' అన్నారు. ఆ ఉత్తరం రాయకపోయి ఉంటే రాయకండి. రాసి ఉంటే పెట్టెలో వేయకండి. వేసేసి ఉంటే ఆ పెట్టె పక్కనే కూర్చుని, తపాలావాడు రాగానే బతిమాలి వెనక్కి తీసుకోండి. మీ అన్నయ్య నోట 'వద్దు' అనే మాట గిర్గాలో ఒకసారి బయటికొచ్చిందంటే ఇక దాన్ని ఎవరూ లోపలికి తోయలేరు. మన పిల్ల బతుకు ఆ ఒక్క మాట మీద ఉంది. ఎందుకు వద్దన్నానో, ఇప్పుడు ఎందుకు ఆగమంటున్నానో చెప్తాను. వరసలోనే చెప్తాను, పేజీలు తిప్పి చివరికి పోకండి.

మీ ప్రశ్నలకు జవాబులు. మీ అక్క కాలికి కట్టు వచ్చే నెల విప్పుతారట. మెట్ల మీద జారిపడిన మనిషి మంచం మీద ఉందన్న మాటేగానీ, మేడ మీదికి ఎవరెక్కారో, ఎవరి చేతిలో ఏ సంచి ఉందో పడుకునే చెప్తోంది. ఆవిడకు వండిపెట్టడానికి వచ్చిన నాకు మొలోఖియా ఎలా వండాలో మంచం మీంచే నేర్పుతోంది. నేను పుట్టినప్పటి నుంచి వండుతున్న కూర అది.

ఊరు ఎలా తిరుగుతున్నావు, భయం వేయడం లేదా అని అడిగారు. భయం నాకు దేవుడంటే ఉంది. ఈ ఊరి జనమంటే ఉన్నది అనుమానం. రెండూ వేరు. భయపడ్డ మనిషి ఇంట్లో కూర్చుంటుంది, అనుమానమున్న మనిషి గాజులు మోచేతి పైకి ఎగదోసి, ముసుగు బిగించి, బయలుదేరుతుంది.

భూమి కింద రైలు ఎక్కాను. ముందున్న పెట్టె ఆడవాళ్ళదట. అక్కడ ఒక లావుపాటావిడ పక్కన చేరి, "ఎక్కడికి తల్లీ ఒక్కదానివే?" అంది. నా దారి నీకెందుకమ్మా అనుకుని, ఆసుపత్రికి అన్నాను. పాపం ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని, నా తల మీద చెయ్యి వేసి, జబ్బు తగ్గాలని ఖురాన్ వాక్యం చదివి ఊదింది. ఆవిడ చదివినంతసేపూ నా రెండో చెయ్యి గాజుల మీదే ఉంది. పైకి వచ్చేచోట కదిలే మెట్లున్నాయి. నేను మామూలు మెట్లే ఎక్కాను. మెట్టు నిలబడి మనిషి ఎక్కాలిగానీ, మనిషి నిలబడి మెట్టు ఎక్కడమేమిటి. అందులో ఏదో మోసముంది.

పండక్కి వచ్చేటప్పుడు నాకు చెప్పులు తెస్తానన్నారు, కొలత అడిగారు. చెప్పుల మాట చివర చెప్తాను.

ఇక అసలు సంగతి. హిలాల్ సంబంధం మీ అక్క తెచ్చింది. పోయిన మీ బావగారికి ఆ అబ్బాయి తండ్రి వరసకు తమ్ముడు, మన వైపు నుంచి వలసొచ్చిన మనిషి, ఈ ఊళ్ళో మనల్ని పిలిచే మాటలో సయీదీ. తండ్రి లేడు, తల్లి ఉంది. ఎనిమిదో పేటలో ఇల్లు, కరెంటాఫీసులో స్తంభాలెక్కే పని. విదాద్ ఒక పెళ్ళిలో దూరం నుంచి చూసి, 'మీ ఇష్టం' అంది. మన పిల్ల 'మీ ఇష్టం' అందంటే దాని ఇష్టమేనని మీకూ తెలుసు. నేను ఆ రోజు వంటల దగ్గర ఉండి అతన్ని చూడలేదు. సంబంధం తెచ్చిన మనిషి చెప్పే మాట సాక్ష్యం కాదు. రొట్టెల కొట్టు దగ్గర వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు చెప్పేదే సాక్ష్యం. కూతుర్ని ఇచ్చేవాళ్ళు వీధిని అడగాలి. మీరు ఉంటే మీరు అడిగేవారు. లేరు కాబట్టి నేను వెళ్ళాను.

వెళ్ళే ముందు వదిన నాకు చేతి పాఠం చెప్పింది.

"చూడు జహియా, ఈ మైక్రోబస్సులకు బోర్డు ఉండదు, నంబరు ఉండదు. రోడ్డు పక్కన నిలబడి చేత్తో చెప్పాలి. రెండరచేతులూ గోపురంలా కలిపితే పిరమిడ్ల రోడ్డు. నీకు అది అక్కర్లేదు. నువ్వు రెండు వేళ్ళు ఎడంగా చాపి, ఇదిగో, కిందికి పట్టుకో. ఎనిమిదో పేట బండి వచ్చి నీ ముందే ఆగుద్ది. ఆఖరి స్టాపులో దిగి, మసీదు పక్కన రొట్టెల కొట్టు దగ్గర ఎవర్నడిగినా చెప్తారు. నోరు మాత్రం బండిలో విప్పకు."

"ఏం, నా నోటికేమొచ్చింది?"

"విప్పావంటే గిర్గా అంతా బయటికొస్తుంది. కొత్తదానివని తెలిసిపోద్ది. ఇక నిన్ను ఊరంతా తిప్పి, మళ్ళీ ఇక్కడే దింపుతారు."

"నాతో ఎవర్నైనా పంపరాదూ?"

"ఎవర్ని పంపినా నమ్మవుగా. ఒక్కదానివే పో."

ఆ మాట అన్నప్పుడు ఆవిడ నా వంక చూడలేదు. అది నేను మనసులో పెట్టుకున్నాను.

రాంసెస్ వంతెన కింద నిలబడ్డాను. చేతిలో తాటాకు బుట్ట, అందులో మన ఎండరొట్టెలు, ఎవరైనా అడిగితే చుట్టాలింటికి అని చెప్పడానికి. అక్కడ హోరు ఎలాంటిదంటే పక్క మనిషి తిట్టినా దీవించినా ఒకేలా వినపడుతుంది. నా పక్కన ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు నిలబడి రెండు వేళ్ళు చాపారు. పైకి. ఒక్కరు కూడా కిందికి చాపలేదు. చూస్తూండగానే ఒక బండి ఆగి ఇద్దర్ని ఎక్కించుకుపోయింది. ఇంకొకావిడ వచ్చింది, ఆవిడా పైకే.

అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. ఊరంతా పైకి పడుతుంటే మీ అక్క నాకు కిందికి పట్టమని ఎందుకు చెప్పింది? నేను ఎనిమిదో పేటకు చేరకూడదని. చేరి నలుగుర్నీ అడిగితే తన సంబంధం గుట్టు బయటపడుతుందని. నా వంక చూడకుండా మాట్లాడింది అందుకే. సరే వదినా, నువ్వు కైరో నీళ్ళు తాగితే నేను నైలు నీళ్ళు తాగాను అనుకుని, రెండు వేళ్ళూ బాగా పైకెత్తి పట్టుకున్నాను. కైరోలోనూ అదే నైలు పారుతుందని తర్వాత గుర్తొచ్చింది.

బండి వెంటనే ఆగింది. తలుపు పట్టుకుని వేలాడేవాడు ఏదో ఊరి పేరు అరుస్తున్నాడు, ఒక్క అక్షరం నా చెవిన పడలేదు. అడుగుదామంటే నోరు విప్పకూడదు. ఎక్కి కూర్చున్నాను.

కూర్చున్నానో లేదో, నా వెనకే ఒకడు ఆదరాబాదరాగా ఎక్కాడు. పొడుగు మనిషి, నీలం చొక్కా. రైలు దిగేచోట కూడా ఆ చొక్కాను చూసినట్టు నాకు అనుమానం వచ్చింది. వాడు నా మీదికి వంగి మెల్లగా, "అమ్మా, ఇది మీరు ఎక్కాల్సిన బండి కాదు. దిగండి, నేను ఎక్కిస్తాను" అన్నాడు.

నేను ఎక్కాల్సిన బండి ఏదో వీడికెలా తెలుసు? పల్లెటూరి ఆడవాళ్ళను ఇలాగే దింపి సందుల్లోకి తీసుకుపోయి గాజులు లాక్కుంటారని మన రైల్లో ఎన్ని కథలు విన్నాం. తల తిప్పేసుకున్నాను. బండి కదిలింది. వాడు చేసేదిలేక వెనక సీట్లో చతికిలపడ్డాడు. మళ్ళీ ముందుకు వంగి, "అమ్మా, వినండి" అన్నాడు. నేను వినలేదు. బుట్ట ఒళ్ళోకి లాక్కున్నాను.

బండిలో డబ్బు వెనక నుంచి ముందుకు చేతులు మారుతూ పోతుందని మీకు తెలుసుగా. నా భుజం పక్కగా ఒక చెయ్యి వచ్చింది. వెనక నుంచి వాడి గొంతు, "ఇద్దరికి. నాకూ, ఆ బుట్ట ఉన్నమ్మకూ."

ఇక నాకు ఒళ్ళు తెలియలేదు. ముక్కూమొహం తెలియని మగవాడు పదిమంది ముందు నా బండి డబ్బు కట్టడమా? నన్ను ఏమనుకున్నాడు, నన్ను చూసి వీళ్ళేమనుకుంటారు? చెప్పు తీశాను. తిరిగి కొట్టాను. మొహం మీద తగిలింది. "నీ డబ్బు నీ అమ్మకు కట్టుకోరా దొంగ సచ్చినోడా" అని గిర్గా మొత్తం బయటికి వచ్చేలా అరిచాను.

బండిలో వాళ్ళందరూ ఒక్కసారి వాడి మీద పడ్డారు. "సిగ్గు లేదట్రా, నీ తల్లి వయసు" అని ఒక ముసలాయన. "దింపండయ్యా వీణ్ణి" అని ఇంకొకడు. కాలరు పట్టుకుని తోశారు. వాడు ఒక్క మాట బదులు చెప్పలేదు. కనుబొమ్మ మీద నెత్తురు, దాన్ని అరచేత్తో అదుముకుని, నడిరోడ్డు మీద, మిట్టమధ్యాహ్నం దిగిపోయాడు. దిగుతూ డ్రైవరుతో, "ఆమెను ఆఖరి స్టాపు దాకా జాగ్రత్తగా దింపన్నా" అన్నాడు. అంటే డ్రైవరు కూడా వీడి ముఠాయేనన్నమాట అనుకున్నాను. మిగతా దారంతా చెప్పు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

ఈ వీరగాథ పోయిన ఉత్తరంలో నేనే మీకు రాశాను. మీరు నవ్వి, 'ఇంతకీ చెప్పుదెబ్బ తిన్న ఆ పుణ్యాత్ముడు ఎవడో తెలిసిందా' అని అడిగారు. వస్తున్నా, అక్కడికే వస్తున్నా.

ఆఖరి స్టాపులో దిగాను. మసీదు ఉంది, పక్కన రొట్టెల కొట్టు ఉంది. ఇది ఎనిమిదో పేటేనా అని అడిగితే కొత్తదాన్నని తెలిసిపోతుందని అడగలేదు. వరసలో నిలబడి, "ఇక్కడ సయీదీ వాళ్ళబ్బాయి ఉండాలి, కరెంటు పని చేస్తాడు, తండ్రి పోయాడు" అన్నాను, సాయం అవసరమై వచ్చినదానిలా.

"ఆ సయీదీ వాళ్ళబ్బాయా? వాడితో నీకేం పనమ్మా" అంది ఒకావిడ, పిండి చేతులు దులుపుకుంటూ.

"మా చుట్టమావిడ పిల్లకు అడుగుతున్నారు."

వరస వరసంతా నా వైపు తిరిగింది.

"మొదటి పెళ్ళాన్ని తరిమేసింది చెప్పలేదా? మేడ మీంచి దాని పరుపు కిందికి విసిరాడు. నా కళ్ళతో చూశా."

"వాళ్ళమ్మ ఉంది చూశావూ, దాని నోటి ముందు కారం కూడా చల్లగా ఉంటుంది."

"పిల్లను ఇంట్లోనే ఉంచుకోమను తల్లీ, ముసలిదైపోయినా పరవాలేదు."

ఇంకేం కావాలి? నేను అనుకున్నదంతా నిజమైంది. అనుకున్నది నిజమైనప్పుడు మనిషికి ఎంత తృప్తిగా ఉంటుందో రాయడానికి సిగ్గేస్తోంది. ఇల్లు చూడాలని కూడా తోచలేదు. వచ్చి వదిన మంచం దగ్గర నిలబడి, "విచారించాను. కుదరదు" అన్నాను. ఆవిడ ఎందుకని అడిగింది. "ఎందుకో నీకే ఎక్కువ తెలుసు" అన్నాను. వేళ్ళు పైకి పట్టుకున్న సంగతి చెప్పలేదు, చెప్పు సంగతి చెప్పలేదు. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. అప్పటి నుంచి 'మంచినీళ్ళు', 'ఇదిగో' తప్ప ఇంట్లో మాటల్లేవు. ఆ కోపంలోనే మీకు ఉత్తరం రాశాను.

దానికి మీరు ఈ సంబంధం గురించి మూడు ప్రశ్నలు పంపారు. ఆ ఇంటి తలుపు రంగేమిటి? వాళ్ళమ్మను నీ కళ్ళతో చూశావా? అక్క ఏమంది? చదివి నాకు ఒళ్ళు మండింది. నా మాట మీద నమ్మకం లేదనుకున్నాను. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదని తెలిసి ఇంకా మండింది.

శుక్రవారం నమాజు అయ్యాక తలుపు కొట్టారు. మీ అక్కను చూడ్డానికి ఎవరో వచ్చారని, వంటింట్లో టీ పెట్టి పళ్ళెంతో బయటికి వచ్చాను. ఒక బక్కపల్చటావిడ వదిన కాళ్ళ దగ్గర కూర్చుని కట్టు మీద చెయ్యి వేసి నిమురుతోంది. గోడ పక్కన కుర్చీలో పొడుగు మనిషి. కనుబొమ్మ మీద ఎండిన గాటు.

దేవుడి సాక్షిగా చెప్తున్నాను, అప్పుడు కూడా నాకు మొదట వచ్చిన ఆలోచన, వీడు నా వెంటపడి ఇంటి దాకా వచ్చాడని.

ఆ బక్కపల్చటావిడ లేచి నన్ను కౌగలించుకుంది. "వదినగారూ, మీరేనా? మా హిలాల్ వాళ్ళమ్మను. వీడే మావాడు. మొహం చూసి భయపడకండి, స్తంభం ఎక్కుతుంటే ఏదో బోల్టు తగిలిందట. కళ్ళెక్కడ పెట్టుకు ఎక్కుతాడో."

అతను లేచి నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టి, తల వంచి, "సలాం అలైకుం అమ్మా" అన్నాడు. నన్ను జీవితంలో మొదటిసారి చూసినట్టు.

ఇదీ నేను చివరిదాకా దాచిన సంగతి. మీ ప్రశ్నకు జవాబు ఇది. ఆ పుణ్యాత్ముడు మన అల్లుడు కావాలని అడిగినవాడే. చెప్పు నాది, నెత్తురు అతనిది.

నాకు టీ ఎవరికి ఇచ్చానో తెలియదు. ఇంతలో వదిన, "నాయనా హిలాల్, మెట్ల మీద బల్బు వెలగడం లేదు, ఒకసారి చూడరా" అంది. అతను స్టూలు తీసుకుని బయటికి వెళ్ళాడు. నేను చీపురు పట్టుకుని, మెట్లు ఊడ్చే నెపంతో వెనకే వెళ్ళాను.

"నువ్వేనా?" అన్నాను.

"నేనేనమ్మా." స్టూలు మీద నిలబడి బల్బు విప్పుతున్నాడు.

"నా వెంట ఎందుకు పడ్డావు?"

"పెద్దమ్మ పక్కింటి ఫోను నుంచి కబురు పెట్టింది. దూరంగా ఉండి కనిపెట్టుకోమంది. మీకు తెలిస్తే కోప్పడతారని చెప్పొద్దంది. మీరేమో ఏడో పేట బండి ఎక్కేశారు. ఇక దగ్గరికి రాక తప్పలేదు."

"నన్నెట్లా గుర్తుపట్టావు?"

"నల్లముసుగు, తాటాకు బుట్ట... ఎవర్నీ నమ్మని మొహం, అదే గుర్తు అంది పెద్దమ్మ."

మామూలప్పుడైతే మీ అక్కను వదిలిపెట్టేదాన్ని కాదు. ఇప్పుడు నాకు ఇంకో మాట అడగాల్సి ఉంది. "మరి నోరు తెరిచి నేను ఫలానా అని ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చుగా. అంతమంది తిడుతుంటే, తోస్తుంటే, మూగాడిలా దిగిపోయావేంటి?"

బల్బును చొక్కాకు తుడిచి మళ్ళీ పెట్టాడు. "ఫలానా అంటే ఎవరని చెప్పాలమ్మా? మీ అమ్మాయిని అడిగినవాణ్ణనేగా చెప్పాలి. బండి నిండా ఊరూపేరూ తెలియని మగాళ్ళు. వాళ్ళ మధ్య ఆవిడ మాట ఎట్లా తీసుకొస్తాను? ఇంకా మీరు సరేనని కూడా అనలేదు."

బల్బు వెలిగింది. నా కళ్ళలో నీళ్ళు అతనికి కనపడకూడదని వంగి ఊడుస్తూ కూర్చున్నాను, ఊడ్చిన మెట్టునే ఊడుస్తూ. నాకు ఏడుపు వచ్చింది, దాచడమెందుకు. పిల్ల పేరు పదిమంది నోళ్ళలో పడకూడదని నేను బెంగపడుతూ అంత దూరం పోయాను. ఆ పేరు కాపాడినవాడి మొహమే పగలగొట్టి వచ్చాను. అతని తల్లితో కూడా బోల్టు అని చెప్పుకున్నాడు.

క్షమించమని అడగడం నాకు రాదు, మీకు తెలుసు. భోజనాలప్పుడు పావురం కూరలో రొమ్ము ముక్క అతని కంచంలో వేశాను. మీ అక్క ఆ ముక్క వైపు, నా వైపు చూసింది. ఆవిడకు ఏదో వాసన తగిలింది.

వాళ్ళు వెళ్ళగానే పట్టుకుంది. "ఏమే, నిజం చెప్పు. ఆ రోజు ఎక్కడికెళ్ళొచ్చావు? వేళ్ళు ఎట్లా పట్టుకున్నావు?"

చూపించాను, పైకి.

"అయ్యో నా తల్లీ, అది ఏడే. ఏడు ఎట్లా రాస్తావు, ఎనిమిది ఎట్లా రాస్తావు?"

చిన్నప్పుడు బడిలో పంతులు చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. మన అరబ్బీ అంకెల్లో రెండు గీతలు అడుగున కలిస్తే ఏడు, పైన కలిస్తే ఎనిమిది. ఏడు తెరిచిన గరాటు, ఎనిమిది బోర్లించిన గరాటు అని పలక మీద కొట్టి మరీ నేర్పాడు. వదిన నాకు అంకె చూపిస్తే నేను కుట్ర చూశాను. వంతెన కింద ఆ ఆడవాళ్ళంతా ఏడో పేట వాళ్ళు, తమ ఇళ్ళకు తాము పోతున్నారు పాపం. ఇక ఆ రొట్టెల కొట్టు సాక్ష్యమంటారా, కైరోలో మన వైపు వాళ్ళెవరికీ పేరుండదట, ప్రతి పేటలోనూ ఒక 'సయీదీ వాళ్ళబ్బాయి' ఉంటాడట. పరుపు విసిరినవాడు ఏడో పేట సయీదీ.

మీ అక్క నవ్వీ నవ్వీ కట్టు లోపల కాలు నొప్పెట్టి ఏడ్చింది. నేను ఏడ్చి నవ్వాను. అలా మా మాటలు కలిశాయి.

ఇంతటితో నేను కరిగిపోయి సరేనన్నాననుకుంటున్నారేమో. నేను జహియాను. ఎంత మంచివాడైనా, అతని వీధిని అడగకుండా పిల్లనివ్వను. పైగా ఇంత మంచివాడేమిటి, ఇందులో ఏముందో అని ఇంకో అనుమానం కూడా మొదలైంది. అందుకని నిన్న మళ్ళీ వెళ్ళాను. వేళ్ళు కిందికి పట్టుకుని.

ఎనిమిదో పేటలో ఇంటి తలుపు ఆకుపచ్చ, కింద కాస్త రంగు ఊడింది. వాళ్ళమ్మ గొంతు మెల్లన, వినాలంటే దగ్గరికి వంగాలి. రొట్టెల కొట్టు దగ్గర ఈసారి పేరు పెట్టి అడిగాను. అందరూ మంచే చెప్పారు. నేను వదల్లేదు, "ఏ లోపమూ లేని మనిషి ఉంటాడా అమ్మా?" అన్నాను. పక్కింటావిడ ఆలోచించి, "ఒకటుంది. మొండివాడు. కూరలో ఉప్పు ఎక్కువైందనుకో, చెప్పడు, తినేసి లేస్తాడు. ఏ బాధ వచ్చినా నోరు విప్పడు. కట్టుకున్న పిల్లకు అదే తిప్పలు" అంది. ఆ లోపం నాకు ముందే తెలుసమ్మా అనుకున్నాను. అప్పటికి నా మనసు నిలబడింది. అబద్ధం చెప్పేవాళ్ళకు అంత నిజమైన లోపం తోచదు.

తిరిగి వచ్చేటప్పుడు బండి కోసం నిలబడ్డాను. కాస్త దూరంలో హిలాల్ నిలబడి ఉన్నాడు. వదినే మళ్ళీ కబురు పెట్టి ఉంటుంది. పలకరించలేదు, దగ్గరికి రాలేదు. ఇంకా మాట ఇచ్చుకోని వాళ్ళం, నలుగురి మధ్య ఎలా ఉండాలో అలాగే ఉన్నాడు. బండి ఆగింది. నేను ముందు సీట్లో, అతను ఆఖరు సీట్లో కూర్చున్నాం. ముసుగులు, సంచులు, నిద్రపోయే ముసలాయన, ఎవరి లోకం వాళ్ళది.

కొంత దూరం పోయాక నా భుజం పక్కగా వెనక నుంచి డబ్బు వచ్చింది. గొంతు అంత మెల్లగా ఉంది, తల్లి పోలికే. ఇద్దరికి అన్నాడో, అనడానికి భయపడ్డాడో తెలియలేదు. నేను వెనక్కి తిరగలేదు. డబ్బు అందుకున్నాను. ముందున్నాయన చేతిలో పెట్టి, నోరు విప్పకూడదన్న పాఠం పక్కన పెట్టి, మన గిర్గా యాసతో బండంతా వినపడేలా నేనే చెప్పాను.

"ఇద్దరికి."

ఇక మీ అన్నయ్యకు ఏం రాయాలో మీకు తెలుసు. ఈ రోజే రాయండి, జాబిర్ తిరిగొచ్చేదాకా ఆగకండి. విదాద్‌కు మాత్రం చెప్పు సంగతి చెప్పకండి, ఎప్పటికైనా అతనే చెప్తాడేమో చూద్దాం. చెప్పడనుకోండి. నాకు చెప్పులు తేవద్దు, ఉన్నవి గట్టిగానే ఉన్నాయని రుజువైంది. తేవాలనిపిస్తే మగవాళ్ళ జత తెండి. కొలత అతని తల్లిని అడిగి రాస్తాను, అతన్ని అడిగితే ఏదైనా సరిపోతుందంటాడు.

ఇట్లు,
విదాద్ తల్లి, మీరు సరేనంటే హిలాల్ అత్త,
జహియా